పలకకుండా చూసే కళ్ళు

కృష్ణా జిల్లా పామర్రు మండలం నిమ్మలూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ (బెల్) సంస్థ కట్టిన అధునాతన నైట్ విజన్ పరికరాల ఫ్యాక్టరీని 2025 అక్టోబరు 16న ప్రధానమంత్రి కర్నూలు సభ నుంచి జాతికి అంకితం చేశారు. దీనికి సుమారు 360 కోట్ల రూపాయలు ఖర్చయింది. చీకట్లో చూపునిచ్చే పరికరాలతో పాటు క్షిపణులకు సంబంధించిన సెన్సర్లు కూడా ఇక్కడ తయారవుతాయని ఆ సందర్భంలో ప్రకటించారు. ఈ ప్రాంతానికి ‘బెల్ కంపెనీ’ కొత్తదేమీ కాదు. 1926లో బందరులో పుట్టిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో బెల్ తీసుకుంది. శాస్త్ర పరికరాలు చేసిన ఊరే తర్వాత సైనికుల తుపాకులకూ ట్యాంకులకూ రాత్రి కళ్ళు చేసిపెట్టింది.

ఈ కళ్ళకు అప్పగించగల పనుల్లో బహుశా అన్నిటికంటే కష్టమైనది ఒకటుంది. స్టెల్త్ యుద్ధ విమానం మీదికి క్షిపణి వస్తుంటే దాన్ని ముందుగా పసిగట్టి పైలట్‌కు చెప్పడం. ఆ పని ఎలా జరుగుతుందో, ఎందుకంత కష్టమో ఒక్కో మెట్టూ ఎక్కుతూ చూద్దాం.

మొదట స్టెల్త్ గురించి. రాడార్ రేడియో తరంగాలను పంపి, అవి దేనికైనా తగిలి తిరిగొస్తే ఆ వస్తువు ఎక్కడుందో చెబుతుంది. విమానం ఆకారాన్ని, పైపూతను తగినట్టు మలిస్తే తిరిగివెళ్ళే తరంగాలు బాగా తగ్గిపోతాయి. ఇక్కడొక లెక్క గుర్తుంచుకోవాలి. తిరిగివెళ్ళే శక్తిని 10,000 రెట్లు తగ్గించినా రాడార్ ఆ విమానాన్ని పట్టుకునే దూరం పది రెట్లే తగ్గుతుంది. 300 కిలోమీటర్ల నుంచి కనిపించేది 30 కిలోమీటర్లకు కనిపిస్తుంది. అంటే స్టెల్త్ విమానమైనా ఎప్పుడో ఒకప్పుడు కనిపించక తప్పదు. దానికి దక్కిన లాభమల్లా మధ్యలోని ఆ 270 కిలోమీటర్లు.

ఆ లాభాన్ని విమానం తనంత తానే పోగొట్టుకునే మార్గం కూడా ఉంది. అది తన రాడార్‌ను వెలిగించడం. బందరులో వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ తుపానుల మీదికి రాత్రీ పగలూ తరంగాలు పంపుతూనే ఉంటుంది. దానికి ఎవరి నుంచీ దాక్కోవాల్సిన పనిలేదు. యుద్ధ విమానం సంగతి వేరు. రొయ్యల చెరువు గట్టు మీద టార్చిలైటుతో తిరిగే కాపలాదారు, తన వెలుగులో తనకు కనిపించే దూరం కంటే చాలా ఎక్కువ దూరానికి కనిపిస్తాడు. రాడార్‌దీ అదే పరిస్థితి. తరంగం వెళ్ళి, తగిలి, తిరిగిరావాలి కాబట్టి పంపినవాడికి చేరేది అత్యల్పం. అవతలివాడికి మాత్రం వెళ్ళే దారిలోనే, ఎంతో బలంగా అందుతుంది. అందుకే స్టెల్త్ విమానం వీలైనంత సేపు పలకదు. వింటుంది, చూస్తుంది.

వినడం ముందు పుట్టిన విద్య. శత్రు రాడార్ తన మీద పడగానే గుర్తించి, ఏ దిక్కు నుంచి, ఏ రకం రాడార్ నుంచి పడుతోందో చెప్పే పరికరాన్ని రాడార్ వార్నింగ్ రిసీవర్ అంటారు. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలోని డీఎల్‌ఆర్‌ఎల్ ప్రయోగశాల దశాబ్దాలుగా ఈ ఎలక్ట్రానిక్ యుద్ధ విద్యలోనే పనిచేస్తోంది. అమెరికా ఎఫ్-22 విమానంలో ఈ పనికోసం ముప్పైకి పైగా యాంటెనాలను ఒంట్లోనే పొదిగారు.

అయితే అన్ని క్షిపణులూ రాడార్ మీద ఆధారపడవు. వేడిని చూసి వెంటపడే క్షిపణి ఏ తరంగాన్నీ పంపదు. ఇంజను వేడిని గుర్తించి నిశ్శబ్దంగా వచ్చేస్తుంది. వినే పరికరం ఎంత గొప్పదైనా దాని ముందు పనికిరాదు. 1999 మే 28న కార్గిల్ యుద్ధంలో తోలోలింగ్ దగ్గర మన ఎంఐ-17 హెలికాప్టర్‌ను భుజం మీంచి పేల్చే స్టింగర్ క్షిపణి కూల్చింది. అందులోని నలుగురు వాయుసైనికులూ చనిపోయారు. క్షిపణిని దారి తప్పించే మంటగుళ్ళు, అంటే ఫ్లేర్లు, వదిలే అమరిక ఆ హెలికాప్టర్‌లో లేదు. 2025 ఏప్రిల్‌లో రక్షణ శాఖ ఎంఐ-17 వి5 హెలికాప్టర్ల కోసం బెల్‌తో 2,385 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుంది. రాడార్ హెచ్చరిక, క్షిపణి రాక హెచ్చరిక, ఫ్లేర్లు వదిలే యంత్రం, ఈ మూడూ కలిసిన వ్యవస్థ అందులో ఉంది. ఇది కొనుగోళ్ళ పద్దులో ఒక అంకె మాత్రమే అనుకుని పక్కన పెట్టే విషయం కాదు. కొండల్లో ఎగిరే సిబ్బంది ప్రాణాలు దాంతో ముడిపడి ఉన్నాయి.

క్షిపణి రాకను కనిపెట్టడానికి ఒక సూటి మార్గం ఉంది. విమానం తోకలో చిన్న రాడార్ పెట్టి చుట్టూ వెతకడం. క్షిపణి ఎంత దూరంలో ఉంది, ఎంత వేగంతో వస్తోంది అనేవి అది నేరుగా కొలిచి చెబుతుంది. కొన్ని పాత విమానాల్లో అలాగే చేశారు. స్టెల్త్ విమానానికి ఆ దారి మూసుకుపోయింది. హెచ్చరిక కోసం పలికితే ఆ పలుకే శత్రువును పిలుస్తుంది. కాబట్టి మిగిలింది చూడటమే. ఏ వెలుగులో చూడాలన్నది తర్వాతి ప్రశ్న.

ఒక జవాబు అతినీలలోహిత కిరణాలు. కంటికి కనిపించే ఊదారంగుకు అవతల ఉండే కిరణాలివి. సూర్యుడి నుంచి వచ్చే వాటిలో 200 నుంచి 280 నానోమీటర్ల మధ్య ఉన్నవాటిని ఆకాశంలో ఎత్తున ఉన్న ఓజోన్ పొర దాదాపు పూర్తిగా పీల్చేస్తుంది. అందువల్ల ఆ వెలుగులో చూసే కంటికి మిట్టమధ్యాహ్నం కూడా చీకటే. ఆ చీకట్లో రాకెట్ మంట ఒక్కటే చుక్కలా వెలుగుతుంది. పొరపాటు పడే అవకాశం తక్కువ, పరికరాన్ని చల్లబరచనక్కర్లేదు, ఖరీదూ తక్కువే. హెలికాప్టర్లలో ఈ రకం విరివిగా వాడతారు. రష్యా సుఖోయ్-57లో కూడా క్షిపణి హెచ్చరికకు అతినీలలోహిత సెన్సర్లే ఉన్నాయి.

దీని లోపం కూడా ఓజోన్‌దే. నేల దగ్గరి గాలిలోనూ అది కొంత ఉంటుంది కాబట్టి చూపు కొద్ది కిలోమీటర్లకు మించదు. అంతకన్నా పెద్ద లోపం మరొకటుంది. క్షిపణి రాకెట్ మోటారు కొన్ని సెకన్లే మండుతుంది. ఆ తర్వాత క్షిపణి సంపాదించుకున్న వేగంతోనే దూసుకొస్తుంది. మంట లేకపోతే అతినీలలోహిత కంటికి అది లేనట్టే. దూరం నుంచి వేసిన క్షిపణి చివరి దశలో, అంటే అత్యంత ప్రమాదకరమైన క్షణాల్లో, ఆ కన్ను గుడ్డిదవుతుంది.

రెండో జవాబు పరారుణ కిరణాలు. ఎరుపుకు ఇవతల ఉండే, వేడి వస్తువులన్నీ విడిచే కిరణాలు. బందరు తయారీల్లో ఉన్న రెండు రకాల రాత్రి కళ్ళ తేడా ఇక్కడ తెలుసుకుంటే మంచిది. ఒక రకం నక్షత్రాల వెలుగులాంటి మసక కాంతిని వేల రెట్లు పెంచి చూపిస్తుంది. ఆ కాంతి బొత్తిగా లేకపోతే అది చూడలేదు. రెండో రకం థర్మల్ ఇమేజర్. దానికి బయటి వెలుగు అక్కర్లేదు. వస్తువు తన వేడితో తానే వెలుగుతుంటే ఆ వెలుగును పట్టుకుంటుంది. క్షిపణి హెచ్చరిక ఈ రెండో కుటుంబానికి చెందినది.

ఏ వస్తువు ఏ తరంగదైర్ఘ్యంలో ఎక్కువగా వెలుగుతుందో దాని ఉష్ణోగ్రత నిర్ణయిస్తుంది. మనిషి ఒళ్ళు సుమారు 9 మైక్రాన్ల దగ్గర ఎక్కువగా వెలుగుతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మరి మోటారు ఆరిపోయిన క్షిపణి? పదకొండు కిలోమీటర్ల ఎత్తున గాలి మైనస్ 56 డిగ్రీల చలిలో ఉంటుంది. ధ్వనికి మూడు రెట్ల వేగంతో వెళ్ళే క్షిపణి ముక్కు దగ్గర అదే గాలి అణిగి 330 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. అంత వేడి వస్తువు 5 మైక్రాన్లకు కాస్త ఇవతల ఎక్కువగా వెలుగుతుంది. 3 నుంచి 5 మైక్రాన్ల మధ్య చూసే కన్ను మంటనూ పట్టగలదు, మంట ఆరాక క్షిపణి ఒంటి వేడినీ పట్టగలదు. అమెరికా ఎఫ్-35 చుట్టూ ఆరు పరారుణ కెమెరాలు అమర్చడానికి కారణం ఇదే. ఆ ఆరూ కలిసి పైనా కిందా ముందూ వెనుకా ఏ మూలనూ వదలకుండా చూస్తాయి. 2010లో ఫాల్కన్-9 రాకెట్ తొలిసారి ఎగిరినప్పుడు ఒక పరీక్షా విమానంలో పెట్టిన ఈ కెమెరాలు దాన్ని 800 మైళ్ళకు పైగా దూరం నుంచి పట్టుకున్నాయి.

ఈ కంటికి ఒక షరతు ఉంది. వేడిని చూసే సెన్సర్ తానే వేడిగా ఉంటే, తన సొంత వేడిలో తానే మునిగిపోతుంది. అందుకే ఈ రకం డిటెక్టర్లలో చాలావాటిని మైనస్ 196 డిగ్రీల దరిదాపుల్లో, అంటే ద్రవ నైట్రోజన్ అంత చల్లగా ఉంచాలి. గోరంత చిప్, దాని చుట్టూ గాలి తీసేసిన చిన్న కుప్పె, పక్కనే గుప్పెట్లో పట్టే శీతల యంత్రం. కుదుపుల్లో, ఎండలో, ఏళ్ళ తరబడి ఇది పనిచేయాలి. కటకం నునుపు చేయడం ఒక నైపుణ్యమైతే, ఈ చిప్ పెంచడం, దాన్ని కుప్పెలో బిగించడం వేరే స్థాయి నైపుణ్యం. చల్లబరిచే పరారుణ డిటెక్టర్లను సొంతంగా చేసుకోగల దేశాలు ప్రపంచంలో కొద్దే.

ఇంతవరకూ చూడటం గురించి. అసలు కష్టం చూసినదాన్ని గుర్తించడంలో ఉంది. ఒక కెమెరా 90 డిగ్రీల వెడల్పును 1,024 చుక్కలుగా విడగొట్టి చూస్తుందనుకుందాం. పది కిలోమీటర్ల దూరంలో ఒక్కో చుక్క 15 మీటర్ల వెడల్పును కప్పుతుంది. మన హైదరాబాద్‌లో రూపుదిద్దుకున్న అస్త్ర క్షిపణి వ్యాసం 178 మిల్లీమీటర్లు. ఎదురుగా వచ్చే అలాంటి క్షిపణికి ఆకారం, రెక్కలు, ముక్కు ఏవీ కనిపించవు. ఒకే ఒక్క చుక్క, పక్క చుక్కల కంటే రవ్వంత ఎక్కువగా వెలుగుతుంది. కంప్యూటర్‌కు దొరికే సాక్ష్యం అంతే.

ఇప్పుడు లెక్క పూర్తిచేద్దాం. ఆరు కెమెరాలు, ఒక్కోదానిలో పది లక్షలకు పైగా చుక్కలు, సెకనుకు వంద చిత్రాలు. సెకనుకు 60 కోట్లకు పైగా చుక్కలను పరిశీలించి ఒక్కోదాన్నీ క్షిపణా, కాదా అని తేల్చాలి. వంద కోట్ల నిర్ణయాల్లో ఒక్కటి తప్పినా ప్రతి రెండు సెకన్లలోపే ఒక తప్పుడు హెచ్చరిక మోగుతుంది. అలాంటి పరికరాన్ని ఏ పైలట్ అయినా మొదటి పది నిమిషాల్లోనే ఆపేస్తాడు. పైలట్ నమ్మని హెచ్చరిక ఉన్నా లేనట్టే. ఈ రంగంలో ఇంజనీర్ల ఆయుష్షు ఎక్కువగా ఖర్చయ్యేది ఇక్కడే.

తప్పుడు చుక్కలు ఎక్కడి నుంచి వస్తాయో తెలియాలంటే మన కృష్ణా డెల్టా మీద ఒక విమానం ఎగురుతోందని ఊహిస్తే చాలు. ఆంధ్ర మహావిష్ణువు కొలువైన శ్రీకాకుళం దగ్గర కృష్ణ నీటి మీద పొద్దు వాలితే ఏటి పొడవునా తళుకులు. దివిసీమకు దిగితే నాగాయలంక, కోడూరు వైపు వరుసగా చెరువులు. ఏరేటర్ చక్రాలు నీటిని చిమ్ముతుంటే ప్రతి తుంపరా క్షణకాలం అద్దమై సూర్యుణ్ణి విసురుతుంది. ఆ మెరుపు ఒక చుక్కలో పుట్టి, మరుక్షణం పక్క చుక్కలో పుడుతుంది. కోతలయ్యాక గుడివాడ వైపు పొలాల్లో తగలబెట్టే గడ్డి, ఇటుక బట్టీలు, రేకుల షెడ్ల కప్పులు, ఇవన్నీ వేడి చుక్కలే. క్షిపణి ఒక్కటి వీటి నడుమ నుంచి లేవాలి.

వీటిని వేరుచేయడానికి రెండు రంగుల పద్ధతి వచ్చింది. 3 నుంచి 5 మైక్రాన్ల మధ్య ప్రాంతాన్నే రెండు భాగాలుగా విడగొట్టి, ఒకే చుక్కను రెండింటిలోనూ ఒకేసారి కొలుస్తారు. నీటి మీద తళుకు సూర్యకాంతే కాబట్టి తక్కువ తరంగదైర్ఘ్యపు భాగంలో ఎక్కువగా వెలుగుతుంది. రాకెట్ మంట తీరు వేరు. అందులోని వేడి కార్బన్ డయాక్సైడ్ 4.3 మైక్రాన్ల చుట్టూ విపరీతంగా వెలుగుతుంది. గాలిలోని చల్లని కార్బన్ డయాక్సైడ్ సరిగ్గా ఆ నడిమి భాగాన్ని మింగేసినా, అంచులు మిగిలి దూరం వరకూ వస్తాయి. రెండు కొలతల నిష్పత్తి చూస్తే సూర్యుడెవరో, మంటెవరో చాలావరకు తేలిపోతుంది. బెంగళూరులోని డీఆర్‌డీఓ ప్రయోగశాల డేర్ మన యుద్ధ విమానాల కోసం తీర్చిదిద్దిన క్షిపణి హెచ్చరిక వ్యవస్థ ఈ రెండు రంగుల రకమే.

గడ్డి మంటలో కూడా అదే వాయువు ఉంటుంది కదా అని అడగవచ్చు. నిజమే. అందుకు కదలికను చూడాలి. నేల మీది మంట, విమానం ముందుకు సాగుతున్నకొద్దీ వెనక్కి జరుగుతుంది. వేరెవరి మీదికో వెళ్ళే క్షిపణి పక్కకు జరుగుతుంది. సరిగ్గా మన మీదికే వచ్చే క్షిపణి మాత్రం దిక్కు మారదు. ఉన్నచోటే ఉండి, అంతకంతకూ ప్రకాశిస్తుంది. కదలని చుక్కే ప్రమాదం. విమానం తిరుగుతూ, పల్టీలు కొడుతూ ఉంటుంది కాబట్టి దాని సొంత కదలికను ప్రతి చిత్రంలోంచీ తీసేస్తే తప్ప ఏ చుక్క నిజంగా కదలడం లేదో తెలియదు. అందుకే సెన్సర్ ఒక్కటీ చాలదు. విమానం ఎటు, ఎంత తిరిగిందో కొలిచే జైరోలతో అది క్షణక్షణం మాట్లాడుకోవాలి.

చూసే కంటికి దూరం తెలియదు. అయినా సమయం తెలుసుకోవచ్చు. ఈ శాస్త్రంలో నాకు అన్నిటికంటే అందంగా తోచే మెట్టు ఇది. వెలుగుతున్న వస్తువు సగం దూరానికి వస్తే నాలుగు రెట్లు ప్రకాశవంతంగా కనిపిస్తుంది. ఒక చుక్క వెలుగు 3 సెకన్లలో నాలుగు రెట్లయిందనుకోండి. అంటే దూరం సగమైంది. సగం దూరానికి 3 సెకన్లు పట్టింది కాబట్టి, వేగం మారకపోతే మిగిలిన సగానికీ 3 సెకన్లే. అది ఎనిమిది కిలోమీటర్ల నుంచి వచ్చిందా, ఆరు నుంచి వచ్చిందా అన్నది తెలియకుండానే ఎప్పుడు తగులుతుందో తేలిపోయింది. మోటారు మంట హెచ్చుతగ్గులూ, గాలిలో తేమా ఈ లెక్కను కొంత చెదరగొడతాయి. వాటిని సరిదిద్దే పని మళ్ళీ కంప్యూటర్‌దే.

ఆ సెకన్లు ఎంత విలువైనవో చూడండి. వేగం జోరు మీదున్న గగనతల క్షిపణి సెకనుకు కిలోమీటరు వస్తుంది. పది కిలోమీటర్ల దూరంలో కనిపిస్తే పది సెకన్లు. మామూలు విమానం వెంటనే ఫ్లేర్లు వదిలి పక్కకు మళ్ళుతుంది. స్టెల్త్ విమానానికి అది కూడా తేలిక నిర్ణయం కాదు. ఫ్లేరు వెలిగితే చుట్టుపక్కల వంద కళ్ళకు అది ఎక్కడుందో తెలుస్తుంది. ఏరేటర్ తుంపరను చూసి బెదిరి ఫ్లేరు వదిలిన విమానం, ఇంత ఖర్చుపెట్టి సంపాదించుకున్న ఆ 270 కిలోమీటర్లనూ ఒక్క క్షణంలో వదులుకున్నట్టే. వదలకపోతే, వచ్చింది నిజం క్షిపణే అయితే, పైలట్ ఉండడు.

కన్ను ఎక్కడ పెట్టాలన్నదీ చిన్న విషయం కాదు. విమానం నునుపైన ఒంటికి ఒక గాజు కిటికీ పెడితే రేడియో తరంగాలు అందులోంచి లోపలికి వెళ్ళి, లోహపు భాగాలకు తగిలి తిరిగొస్తాయి. స్టెల్త్ అక్కడే పోతుంది. అందుకే కిటికీని ఒంటి వంపులోనే కలిపేసి, పరారుణాన్ని రానిచ్చి రేడియోను ఆపే పలుచని పూత పూస్తారు. ఎఫ్-35 ముక్కు కింద లక్ష్యాన్ని చూసే పరికరానికి ఏటవాలు పలకలుగా కోసిన నీలమణి కిటికీ ఉంది. నగల్లో పొదిగేది కాదు, ప్రయోగశాలలో పెంచిన స్ఫటికం. బెంగళూరు యలహంకలో 2025 ఫిబ్రవరిలో జరిగిన ఏరో ఇండియాకు ఎఫ్-35, సుఖోయ్-57 రెండూ వచ్చాయి. వెళ్ళినవారిలో చాలామంది వాటి విన్యాసాలే చూసి ఉంటారు. ఒంటి మీద ఈ కిటికీలను వెతికి చూసినవారికి అంతకంటే ఎక్కువ కనిపించి ఉంటుంది.

మన దేశం సొంత స్టెల్త్ విమానానికి సిద్ధమవుతోంది. ఆమ్కా పేరుతో రెండు ఇంజన్ల, సుమారు 25 టన్నుల విమానాన్ని రూపొందించడానికి కేంద్ర మంత్రివర్గ భద్రతా సంఘం 2024 మార్చిలో దాదాపు 15,000 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఇంజను ఎవరిదన్న చర్చ పత్రికల్లో చాలా జరుగుతోంది, జరగాలి కూడా. డిటెక్టర్ ఎవరిదన్న చర్చ అంతగా లేదు. నా ఉద్దేశంలో ఆ రెండో ప్రశ్న మొదటిదానికి తీసిపోదు. బయటి దేశం అమ్మిన కన్ను ఏ నేపథ్యాన్ని చూసి నేర్చుకుందో, దేన్ని క్షిపణి అంటుందో, దేన్ని కాదంటుందో ఆ నిర్ణయ సూత్రాలు అమ్మినవాడి దగ్గరే ఉండిపోతాయి. వాటిని మనం మార్చుకోలేం.

నేర్పడానికి కావలసిన పాఠాలు మాత్రం మన దగ్గర బోలెడన్ని ఉన్నాయి. చిత్రాలు తీసే విమానం ఒకటి ఏడాది పొడవునా ఈ డెల్టా మీద తిరగాలి. ఊడ్పులకు ముందు నీరు నిలిచిన పొలాలు, పచ్చటి పైరు, కోతలయ్యాక తగలబడే గడ్డి, మంచు తెర కప్పిన జనవరి ఉదయాలు, మే నెల వడగాలిలో కాగే ఉప్పునేలలు, చెరువుల మీద పొద్దు, అన్నిటినీ రెండు రంగుల్లోనూ నమోదు చేయాలి. నాగాయలంక మండలం గుల్లలమోద తీరాన్ని డీఆర్‌డీఓ క్షిపణి పరీక్షా కేంద్రం కోసం ఎంచుకుంది. అక్కడి నుంచి క్షిపణి లేచిన రోజున అదే నేపథ్యం మీద నిజమైన మంటను కూడా చిత్రీకరించవచ్చు. నిమ్మలూరులో కళ్ళు చేసేవారికీ, వాటికి తళుకునూ మంటనూ వేరుచేయడం నేర్పేవారికీ ఒకే జిల్లాలో ఇన్ని సౌకర్యాలు కుదరడం అరుదు. ఆ చిత్రాల సేకరణ ఆమ్కా నమూనా గాల్లోకి లేచేదాకా ఆగనక్కర్లేదు. బిగించడానికి ఒక రవాణా విమానం, రెండు రంగుల కెమెరా ఉంటే ఈ పంట కాలంలోనే మొదలుపెట్టవచ్చు.